ఎడమ కన్ను

వేలు తీసుకెళ్ళి ఎడమ కంటి ముందు ఆడించాడు, రెప్ప పడలేదు. అంతే జరిగింది, అంతకు మించి ఏమీ జరగలేదు, అయినా కృపాదానం మనసు అక్కడే ఆగిపోయింది. మూడు గంటలకు చూశాడు తన ఊరు నీలాపుట్టుగ ఆంబోతుని. ఆ తర్వాత దానికి పోటీగా తెచ్చిన ఇసకపాలెం ఆంబోతుని కూడా చూశాడు, చూశాడంటే దాని చుట్టూ ఒకసారి తిరిగాడు, ఏం చూశావని అడిగితే చెప్పలేడు. ఇప్పుడు బడి నుంచి మోసుకొచ్చి వేసిన కుర్చీలో కూర్చున్నాడు, ఒళ్ళో కాగితం, జేబులో పెన్ను, కాళ్ళ దగ్గర మందుల పెట్టె. రాయవలసింది పెద్దగా ఏమీ లేదు. కొమ్ములు, గిట్టలు, కళ్ళు, ఒక్కోదాని ఎదురుగా బాగున్నాయని రాసి కింద సంతకం పెడితే చాలు. పశువుల డాక్టరు చూసి సరేనంటే తప్ప పండగల్లో ఆంబోతుల్ని పోట్లాటకి వదలకూడదని పోయినేడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రాసిన పెద్దమనిషి ఎవరోగాని మూగజీవాలకి మేలు చేస్తున్నాననే అనుకుని ఉంటాడు. కొబ్బరితోటలకీ సముద్రానికీ మధ్య ఉన్న ఈ ఇసక మైదానంలో నడిమధ్య ఒక వెదురు కర్ర పాతారు. పొద్దు వాలుతున్నకొద్దీ పడమటి తోట నీడ ఇసక మీద జరుగుతూ వస్తుంది, అది కర్ర మొదలు తాకిందంటే అమ్మవారు సరేనన్నట్టు, ఇక తాళ్ళు విప్పెయ్యడమే. నీడకీ కర్రకీ మధ్య ఇంకా పదిహేను అడుగులుంటుంది. ఎడమ కన్ను లేని ఆంబోతుకి ఎడమ పక్కనుంచి వచ్చే కొమ్ము కనబడదు, కనబడకపోతే చస్తుంది, ఆ సంగతి ఇంత జనంలో తనొక్కడికే తెలుసు. ఆ కన్ను పోయింది తన చేతుల మీదే, అది కూడా తనొక్కడికే తెలుసు.

నిజానికి ఈ కుర్చీలో ఉండవలసింది ప్రభాకరరావు గారు. ఆయన అసలు డాక్టరు, కృపాదానం ఆయన కింద కంపౌండరు. ఆయన తెలివైనవాడు, పండగ పది రోజులుందనగానే బరంపురంలో అత్తగారికి జబ్బు చేయించి సెలవు పెట్టేశాడు. నీ సొంత ఊరే కదయ్యా, నువ్వే చూసుకుని రా, అని తాళాలు చేతిలో పెట్టి పలాసలో రైలెక్కాడు. సొంత ఊరే, అదే కదా బాధ. ఈ ఊళ్ళో కృపాదానం కుర్చీలో కూర్చోవడం ఇదే మొదటిసారి. అతని తండ్రి పోలయ్య, అదిగో, ఆ మూల గడ్డి మంట వేసుకుని డప్పు కాచుకుంటున్నాడు, ఆయన ఈ మైదానంలో అరవై ఏళ్ళుగా ఇసక మీద తప్ప కూర్చోలేదు. చిన్నప్పుడు ఒరే అన్న నోళ్ళే ఇవాళ డాక్టరుబాబూ అంటున్నాయి. ఇందాక ఎవరో కొబ్బరిబొండాం చెక్కి తెచ్చిచ్చారు, మంచినీళ్ళు కావాలంటే కూడా బొండామే తెచ్చారు, బొండాం అయితే తాగి పారెయ్యొచ్చు, ఊరవతలి పేటవాడు ముట్టుకున్న గ్లాసు ఏం చెయ్యాలన్న బెంగ ఎవరికీ ఉండదు. అతనికి నవ్వొచ్చింది, తాగేశాడు, దాహం వేసింది మరి. ఈ ఊరి మీద కోపం ఉందా అంటే ఉంది, మమకారం ఉందా అంటే అదీ ఉంది, రెండూ కలిసి గొంతులో ఒకేచోట అడ్డం పడతాయి. గాలి బారువ వైపు నుంచి తిరిగింది, ఎండుచేపల వాసన వచ్చింది, ఆంబోతు తల ఎత్తి ముట్టె ఆడించింది, దాని మొహమంతా పసుపు పూసి కళ్ళ చుట్టూ కుంకుమ దిద్దారు, అందుకే ఎవరికీ ఏమీ కనబడటం లేదు. దగ్గరికెళ్ళి, పొద్దుకి ఎదురుగా దాని తల తిప్పించి చూస్తేగాని కంటి మీద ఆ నీలపు పొర తెలియదు. విచ్చలవిడిగా తిరిగే దేవుడి ఆంబోతు తల పట్టి అలా తిప్పే ధైర్యం ఎవరికుంది.

రెండు సీసాలు. రెండేళ్ళుగా అతను ఏ పని చేస్తున్నా, అన్నం తింటున్నా, ప్రార్థనలో మోకాళ్ళ మీదున్నా, కళ్ళు మూస్తే ఆ రెండు సీసాలే. గోధుమరంగు గాజువి, ఒకే పొడవు, ఒకే మూత. ఒకదాంట్లో కళ్ళు కడిగే బోరిక్ నీళ్ళు, ఇంకోదాంట్లో పుండు మీద పెరిగిన చెడ్డ కండ మాడ్చే మందు. సముద్రపు చెమ్మకి అతికించిన చీటీలు ఊడిపోతే, తనే తెలివిగా మాడ్చే మందు సీసా మెడకి ఎర్ర దారం కట్టాడు. ఆ రోజు వానలో రాజులమ్మ వచ్చింది. అమ్మవారి గుడి ఊడ్చే మనిషి, మనవరాలికి మశూచి వచ్చి బతికి బయటపడితే తన ఆవు కన్న దూడని అమ్మవారికి వదిలేసింది, ఆ దూడే ఈ ఆంబోతు. ముక్కుతాడు లేదు, మెడలో పలుపు లేదు, చేతిలో పనస తొక్కలు పట్టుకుని ఆవిడ ముందు నడుస్తుంటే అది వెనకాల నడుచుకుంటూ ఆరు మైళ్ళు వచ్చింది. ఎడమ కన్ను ఉబ్బి నీరు కారుతోంది. ఏం పడిందమ్మా అంటే, ఏదో పడింది బాబూ అంది, ఇంకేమీ చెప్పలేదు. అతను అల్మారా తెరిచాడు, ఏ సీసాకీ దారం లేదు. దారం ఏమైందో దేవుడికి తెలియాలి. రెండూ వాసన చూశాడు, రెండింటికీ వాసన లేదు. డాక్టరు గారు క్యాంపుకెళ్ళారు, వాన, ఎదురుగా పశువు అల్లాడుతోంది. చెయ్యి ఎడమ సీసా మీదకు పోయింది, అదే ఎందుకు తీశాడో ఇప్పటికీ తెలియదు. పొయ్యగానే ఆంబోతు అరిచిన అరుపుకి ఆస్పత్రి రేకులు అదిరాయి. కొంచెం మండుతుందిలే అన్నాడు ఆవిడతో. పుస్తకంలో బోరిక్ లోషన్ అని రాశాడు. ఇరవై రోజుల తర్వాత ఆవిడ మళ్ళీ తీసుకొచ్చేసరికి కన్ను కోడిగుడ్డు తెల్లసొనలా ఉంది. అతను కొత్త సీసా తెరిచి మందు వేశాడు. సాయంత్రం పాత సీసాలు రెండూ పట్టుకెళ్ళి జీడితోటలో పగలగొట్టి పాతిపెట్టాడు.

నీడ కొంచెం జరిగింది, లేకపోతే జరిగినట్టు అనిపించిందో. జనం పెరుగుతున్నారు, కంచిలి నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు, తోటల్లో కూలిపని మానుకుని వచ్చారు, ఆడవాళ్ళు అటు గట్టు మీద, పిల్లలు కొబ్బరిచెట్ల మొవ్వుల దాకా ఎక్కి కూర్చున్నారు. తను కూడా అలాగే ఎక్కేవాడు. అబద్ధం ఎందుకు, ఈ పోట్లాటంటే అతనికి ప్రాణం. పదేళ్ళప్పుడు చూసిన ఆంబోతు ఒకటి, బూడిదరంగుది, పొట్ట చీలి లోపలిది బయటికి జారుతున్నా ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు, జనం ఏడ్చారు, గర్వంతో ఏడ్చారు, చెట్టు మీద తనూ ఏడ్చాడు. దాని పౌరుషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. మర్నాడు ఆ చర్మం ఇంటి ముందు ఉప్పు రాసి పరిచారు, ఓడిపోయి చచ్చినదాని చర్మం డప్పు వాళ్ళది, అది ఎప్పటినుంచో ఉన్న హక్కు. పోలయ్య దాని మీద చెయ్యి వేసి నిమిరేవాడు, మంచి మనిషిని పొగిడినట్టు పొగిడేవాడు. మాంసం పేటంతా పంచుకునేది. తల్లి మార్తమ్మ మతం పుచ్చుకున్న ఏడు మాత్రం, విగ్రహాలకి అర్పించినది ఇంట్లోకి రానివ్వనంది, పొరుగింట్లో కూర ఉడుకుతుంటే ఆ వాసనకి తనూ చెల్లీ ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. ఆవిడ కూడా పక్కకు తిరిగి పడుకుంది, ఆవిడకూ ఆకలే కదా. పోలయ్య మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు, ఆదివారం మీ దేవుడిది, పండగనాడు నా డప్పుది, అనేసి ఊరుకున్నాడు. పాస్టరు గారు ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా గోడకు వేలాడే డప్పుని చూడనట్టు కూర్చునేవారు. ఇవాళ పొద్దున్న తను బయల్దేరుతుంటే తన భార్య దయామణి అడిగింది, అది చూడ్డం పాపం కాదా అని. ఉద్యోగం అన్నాడు. ఆ మాట కూడా సగమే నిజం.

"ఒరే దానం, రాసీసినావేటి?"

తండ్రి ఎప్పుడొచ్చాడో, డప్పు చంకలో పెట్టుకుని కుర్చీకి మూడు బారల దూరంలో నిలబడ్డాడు. కొడుకే అయినా కుర్చీలో ఉన్నవాడు కుర్చీలో ఉన్నట్టే. లేచి నిలబడాలనిపించింది కృపాదానానికి, లేస్తే అందరూ చూస్తారు, లేవలేదు. ఇంకా లేదయ్యా అన్నాడు. పోలయ్య వేళ్ళతో డప్పు అంచు మీద చిన్నగా తట్టాడు, మంట మీద కాచిన చర్మం ఖణీమంది. "బేగి రాసీరా నాయినా, బుగత ఇటే సూత్తన్నాడు," అన్నాడు, మంచం మీదున్న పాపారావునాయుడి వైపు తల తిప్పి. వెళ్తూ వెళ్తూ ఆగి, "వదిలేసినాక మనూరి ఆంబోతికి ఎడం పక్కన నిలబడకు, జనంలో ఎనక్కుండు," అన్నాడు. ఎడం పక్క అన్నాడేమిటి, అయ్యకి తెలుసా, ఎలా తెలుసు, తెలిస్తే ఎంత తెలుసు. పిలిచి అడుగుదామనుకునేలోపే పోలయ్య మంట దగ్గరికి వెళ్ళిపోయాడు. లేదులే, ఎడమకి తిరిగే అలవాటు ఉంటుంది కొన్ని పశువులకి, అరవై ఏళ్ళు వాటి ఎదురుగా డప్పు కొట్టినవాడికి ఏ పక్క నిలబడాలో తెలియదా, అంతకు మించి ఏముంటుంది. అలా అనుకుని సర్దుకున్నాడు గాని, అరచేతులు చెమట పట్టి కాగితం అంచు మెత్తబడింది.

ఇంతసేపూ అటు చూడకుండా ఉండటానికే చూస్తున్నాడు, అయినా చూపు అటే పోతోంది. ఎదురుగా, తాడి కమ్మల పందిరి నీడన, రాజులమ్మ కూర్చుని ఉంది. అందరూ ఆంబోతుల వైపు తిరిగి కూర్చుంటే ఆవిడొక్కతే అతని వైపు తిరిగి కూర్చుంది. అడ్డపొగ చుట్ట కూడా వెలిగించలేదు, ఎవరితోనూ మాట కలపలేదు, మూడు గంటల నుంచీ అలాగే, చూపు తిప్పకుండా. అది ఏ చూపో అతనికి బాగా తెలుసు. కన్ను పోగొట్టినవాడివి, ఇప్పుడు ప్రాణం కూడా తీస్తావా, అని అడుగుతోంది. నలుగురిలో లేచి ఒక్క మాట అంటే చాలు, ఈ కంపౌండరే మందు పోసి గుడ్డిదాన్ని చేశాడు అని, కుర్చీ ఉండదు, ఉద్యోగం ఉండదు, పేటలో తనవాళ్ళ ఇంటి మీద కప్పు కూడా ఉండదేమో. అమ్మవారి ఆంబోతుని మతం పుచ్చుకున్నవాడు గుడ్డిదాన్ని చేశాడంటే ఆ మాట నిప్పులా ఎలా పాకుతుందో అతనికి తెలుసు. ఆవిడ అనడం లేదు, చూస్తోంది. అనేస్తే బాగుండును. ఆ రెండోసారి ఆస్పత్రికి వచ్చినప్పుడు కూడా ఇలాగే చూసింది, తెల్లబడిన ఆ కన్ను వైపు వేలు పెట్టి చూపించి, మళ్ళీ బాగుసేసీ బాబూ, అంది. మళ్ళీ అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందనే అతను ఆ రాత్రంతా దొర్లాడు. తర్వాత సైకిలు మీద ఊరికి వచ్చినప్పుడల్లా ఆంబోతు ఎక్కడుందో చూసుకుని పక్క డొంకలోంచి వెళ్ళేవాడు. అది ఒకసారి ఎదురుపడింది, తల పక్కకు తిప్పి, మంచి కంటితో చాలాసేపు చూసింది, అప్పుడు అతనికి ఏడుపొచ్చింది, సైకిలు దిగి నిజంగానే ఏడ్చాడు.

రాసేస్తే ఏమవుతుంది. ఎడమ కన్ను కనబడదు అని మూడు మాటలు. పోట్లాట ఆగుతుంది, మూడేళ్ళకోసారి వచ్చే పండగ ఆగుతుంది, ఎందుకు ఆగింది, కన్ను ఎప్పుడు పోయింది, ఎవరు చూశారు, ఆస్పత్రి పుస్తకం తీయండి అంటారు. అందులో రెండు తేదీలు, రెండుచోట్లా తన రాత. రాయకపోతే ఏమవుతుంది. ఒక ఆంబోతు చస్తుంది. అంతే కదా, రోజూ ఎన్ని చావడం లేదు, ఎంత పశువైనా పశువే. వారం వారం తనే పది కోడెల్ని పడదోయించి కాళ్ళు కట్టించి ఇనప పటకారుతో వృషణాల నరం నొక్కుతాడు, అవి గుడ్లు తేలేసి మూలుగుతాయి, దాన్ని ఎవరూ పాపం అనరు, పైగా ఇంత మజ్జిగ ఇస్తారు. అది పనికోసం అంటారు. దున్నడానికీ బండి లాగడానికీ నొప్పెడితే పని, చూడ్డానికి నొప్పెడితే పాపం, ఈ గీత ఎవరు గీశారు. ఇది కూడా వీళ్ళకి పనే, పోట్లాట జరిగిన ఏడు వానలు బాగా పడతాయని నమ్ముతారు, నమ్మకం కూడా ఒక పనే కదా. పోనీ రెండు కళ్ళూ ఉన్నవే అయితే ఎలాగూ వదిలేవాళ్ళు, ఎలాగూ ఒకటి చచ్చేది, తను కూడా ఎలాగూ చూసేవాడు, కన్నార్పకుండా చూసేవాడు, అది మాత్రం తప్పు కాదా మరి. తప్పు ఎక్కడ మొదలవుతుందో వెతుకుతూ వెళ్తే, చెట్టు మీద కూర్చుని గర్వంతో ఏడ్చిన పదేళ్ళ తన దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఇవన్నీ సాకులని అతనికి తెలుసు. వాదన ఎంత బాగున్నా చివర్లో వేలు అలాగే ఉంది, రెప్ప అలాగే పడకుండా ఉంది. ఎదుటివాడు ఏ పక్కనుంచి వస్తున్నాడో తెలియని ప్రాణిని మధ్యలోకి తోసి, దానికి తెలుసని సంతకం పెట్టడం. అందులో ఏ అమ్మవారూ లేదు, ఏ వానా లేదు, తనొక్కడే ఉన్నాడు.

నీడ కర్రకి రెండడుగుల్లోకి వచ్చేసింది. అటు ఇసకపాలెం వాళ్ళు తమ ఆంబోతు పలుపు సడలిస్తున్నారు, అది గిట్టతో ఇసక తవ్వి మీద జల్లుకుంటోంది. డప్పులు ఒక్కొక్కటే అందుకున్నాయి. కృపాదానం లేచాడు. ఇక కూర్చోవడం తన వల్ల కాదు. పోతే పోయింది ఉద్యోగం, మిషన్ బడిలో అక్షరాలు నేర్చుకున్నది ఇలాంటి సంతకం పెట్టడానికా, చెప్పేస్తాను, నా చేతుల మీదే పోయిందని చెప్పేస్తాను, తర్వాత ఏమైతే అదవుతుంది. ఇసకలో కాళ్ళు కూరుకుపోతున్నాయి, కుర్చీ నుంచి పాపారావునాయుడి పందిరి దాకా ముప్ఫై అడుగులు కూడా లేవు, నడుస్తుంటే తరగడం లేదు. నాయుడు ఊరి పెద్ద, పండగ పెద్ద, మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు, మంచివాడనే పేరు, కరువు ఏడు పేటకి కూడా గంజి పోయించాడు. కాగితం కోసం చెయ్యి చాపాడు.

"బుగతా, ఒక మాట," అన్నాడు కృపాదానం. ఎన్నో ఏళ్ళుగా జాగ్రత్తగా దూరం పెట్టిన పేట మాట తనంతట తానే నోట్లోకి వచ్చేసింది. "మన ఆంబోతికి ఎడం కన్ను కనబడదు. నా సేతుల మీదే పోయింది. రెండేళ్ళ కింద రాజులమ్మ తోలుకొత్తే ఏసిన మందు... నానే తప్పు మందు పోసినాను. దాన్ని వదలొద్దు బుగతా."

నాయుడు చుట్ట నోట్లోంచి తీశాడు. కోపం తెచ్చుకోలేదు, ఆశ్చర్యపోలేదు. పిల్లవాడు లెక్క తప్పు చెప్తే మేష్టారు చూసినట్టు చూశాడు.

"నీ మందేటి బాబూ, నీ మందుకి బాగయిపోయింది గదా. వారంలో కన్ను తేటబడిపోయింది, మంచి మందే ఏసినావు. మళ్ళీ జీడిసొన పొయ్యాల్సొచ్చింది మాకు. సెయ్యి మీద పడితేనే బొబ్బెక్కుతాది గదా, కంట్లో పోత్తే ఎలగుంటాదో సూడు, నలుగురు పట్టుకుంటే గాని ఆగనేదు. రెండోసారి గట్టిగా పోసినాం." చుట్ట దులిపాడు. "రెండు కళ్ళున్నది ఎదటిదాని కొమ్ములు సూత్తాది. సూత్తే ఆలోసిత్తాది. ఆలోసిత్తే ఎనక్కి తిరుగుతాది. ఒంటి కన్నుది తిరగదు, ఎనకేటుందో దానికి తెల్దు గదా. మా తాతలకాడ నుంచీ ఇంతే. మనూరి ఆంబోతు ఎప్పుడన్నా ఎనక్కి తిరిగిందని ఇన్నావా? ఇసకపాలెపోల్లూ ఇంతే, ఆల్దానికి కుడి కన్ను. నివ్వు సూసినావు గదా."

అతను చూడలేదు. దాని చుట్టూ తిరిగాడు, చూడలేదు. ఆ బూడిదరంగు ఆంబోతు, పొట్ట చీలినా అడుగు వెనక్కి వెయ్యనిది, దాని పౌరుషం, తన ఏడుపు, ఇవన్నీ మనసులోకి వస్తున్నాయి, వస్తాయి, ఇవాళా రేపూ చచ్చేదాకా వస్తూనే ఉంటాయి, కాని అన్నిటికన్నా ముందు ఇంకోటి వచ్చింది. నేను కాదు. నేను సరైన సీసానే తీశాను. నా మందుకి బాగయింది. అరికాళ్ళ నుంచి చల్లగా ఏదో పైకి పాకింది, ఊపిరి గుండెల నిండా వచ్చింది, రెండేళ్ళలో అంత ఊపిరి ఎప్పుడూ పీల్చుకోలేదు. అల్మారా, వాన, ఆ అరుపు, అన్నీ ఒక్కసారి కడిగేసినట్టయిపోయాయి. అది సంతోషం. వేరే పేరు పెట్టడానికి వీల్లేదు, సంతోషమే. ఆ సంతోషంలోనే పెన్ను మూత తీశాడు, నాయుడి మంచం కోడు మీద కాగితం ఆనించి, కొమ్ములు బాగున్నాయి, గిట్టలు బాగున్నాయి, కళ్ళు బాగున్నాయి అని రెండు ఆంబోతులకీ రాసి, సంతకం పెట్టాడు. రాత ముత్యాల్లా వచ్చింది. నాయుడు సిరా ఆరాలని ఊదుకుని, మడిచి, తలపాగాలో దోపుకున్నాడు. "నివ్వు సదువుకున్నోడివి, భయపడిపోయినావు," అన్నాడు, అభిమానంగానే అన్నాడు.

తిరిగి చూస్తే రాజులమ్మ లేచి వచ్చి నిలబడి ఉంది. దగ్గరగా చూస్తే మనిషి బాగా ముసలిదైపోయింది. ఆవిడకి భయపడవలసిన పని లేదిప్పుడు, ఆ చూపుకి బదులు చెప్పొచ్చు, నా మందు మంచిదేనమ్మా, అని చెప్పొచ్చు. చెప్పబోయాడు కూడా.

"రాసీసినావా బాబూ?"

"రాశానమ్మా."

"కన్ను సంగతి రాసినావా?"

అతను వెనక్కి చూశాడు. నాయుడి తలపాగాలో కాగితం మడత పైకి కనబడుతోంది, అరిస్తే వినబడే దూరం, చెయ్యి చాపితే అందే దూరం.

"పైనుంచి వచ్చినోడు రాత్తే ఆపాలంట గదా. మా మాట ఎవులింటారు, అడిగితే సంపుతామన్నారు," అంది రాజులమ్మ. గొంతు పెంచలేదు. "ఆలు పోసినప్పుడల్లా నీకాడికే తోలుకొచ్చినాను. నివ్వు బాగుసేసినావు. ఈవేళ సెయ్యి పెట్టి సూసినావు, నాను సూసినాను నివ్వు సూడ్డం. నీకు తెలిసిపోనాది అనుకున్నాను. నివ్వు రాత్తావు అనే నీకెదురుగా కూకున్నాను బాబూ."

డప్పులన్నీ ఒక్కసారి ఆగాయి. నీడ కర్రకి తగిలింది. ఆవిడ వెనకాల తాళ్ళు విప్పేశారు, జనం అరిచారు, ఆంబోతు ముందుకు కదిలింది, తల కొంచెం ఎడమకి తిప్పుకుని, ఆ వైపు ఏముందో మంచి కంటికి తెలియాలన్నట్టు. రాజులమ్మ అటు తిరగలేదు, అతన్నే చూస్తూ నిలబడింది. ఆవిడ మొహంలోకి చూడలేక కృపాదానం ఆంబోతుల్ని చూశాడు.